లేని సైన్యానికి ఆరొందల చొక్కాలు

సినిమా వాళ్ళు ఊళ్ళో దిగిన మూడో రోజుకే మామ్మకి వాళ్ళ మీద గురి పోయింది. కారణం పెద్దదేం కాదు. యుద్ధం నాటి సైనికులు తొడుక్కునేవంటూ నాలుగొందల యాభై ఖాకీ చొక్కాలు మూటలు కట్టి ఆవిడ లాండ్రీకి పంపారు. పది ఉతుకులు ఉతికి పాతవాటిలా చేసి పెట్టాలట. మామ్మ ఒక్కో చొక్కా తీసి, విదిలించి, వెలుతురుకి పెట్టి చూసింది. ఒక్కదానికీ గుండీ ఊడలేదు, మోచెయ్యి చిరగలేదు, మాసిక పడలేదు. పైగా అన్నీ ఒకటే కొలత.

"సైన్యంలో బొజ్జ ఉన్నవాడు ఒక్కడూ లేడట్రా?" అని కొడుకుని అడిగింది.

"సినిమా కదమ్మా. అవన్నీ ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను" అంది మామ్మ.

చూస్తుంది కూడా. డెబ్భై ఆరేళ్ళొచ్చినా బట్టల విషయంలో ఆవిడ కన్ను గప్పడం ఎవరి తరమూ కాదు. ముందు గదిలో కౌంటరు, మధ్య గదిలో నాలుగు ఇస్త్రీ బల్లలు, వెనక పెరట్లో సిమెంటు తొట్లు, వాటి అవతల పొడుగ్గా ఎనిమిది దండేలు. యాభై ఐదేళ్ళుగా ఆవిడ లోకం అదే. గల్లా దగ్గర కోడలు కూర్చుంటుంది, ఉతుకు పనీ డెలివరీలూ కొడుకు చూసుకుంటాడు, మామ్మకి పని చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అందరి పనిలోనూ వేలు పెడుతుంది. మొత్తానికి సుఖంగానే ఉంది. ఆ మాట ఆవిడే అంటుంది, మోకాళ్ళ సంగతి వదిలేస్తే.

ఈ ఖాకీ చొక్కాల మీద ఆవిడకి అంత పట్టింపు ఎందుకో తెలియాలంటే భర్త సంగతి చెప్పుకోవాలి. ఆయన పోయి పద్నాలుగేళ్ళు. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు. భయం వేస్తే మాత్రం చేతులు వణికేవి. చిన్నప్పటి నుంచీ అంతే. మేస్టారు గొంతు పెంచితే వణికేవి, కుక్క మొరిగితే వణికేవి, పెళ్ళికి ముందు మామ్మతో మొదటిసారి మాట్లాడినప్పుడు వణికి మంచినీళ్ళ గ్లాసు ఆవిడ ఒళ్ళోనే ఒలికింది. ఆవిడకి ఆ క్షణమే ఆయన నచ్చాడు. ఎందుకు నచ్చాడో ఇప్పటికీ చెప్పలేదు.

యుద్ధం వచ్చినప్పుడు ఊళ్ళో వయసు మగవాళ్ళందరితో పాటు ఆయనా సైన్యంలో చేరడానికి వెళ్ళాడు. చేతికి తుపాకీ ఇచ్చారు. అది ఆయన చేతుల్లో టకటకలాడింది. డాక్టరు రెండు నిమిషాలు చూసి ఇంటికి పొమ్మన్నాడు. వరసలో వెనకున్నవాళ్ళు నవ్వారు. సాయంత్రానికల్లా కథ ఊరంతా పాకింది. కావాలనే వణికాడన్నారు. ప్రాణం మీద తీపితో నాటకమాడాడన్నారు. 'వణుకు వీరుడు' అన్న పేరు అప్పుడు తగులుకుంది, మరి వదల్లేదు. దానికి తోడు, ఆ తర్వాత నెల నుంచి భార్యాభర్తలిద్దరూ రోజూ తెల్లారేసరికి బండి కట్టుకుని ఊరి బయటికి పోవడం, సైన్యం గేటు దగ్గర పాసు చూపించి లోపలికి వెళ్ళడం జనం చూశారు. యుద్ధానికి పనికిరానివాడికి సైన్యంలో ఏం పని? ఊరికి అనుమానం రావడానికి అంతకన్నా ఏం కావాలి. చెవులు కొరుక్కున్నారు.

అడిగితే ఆయన, "ఆఫీసర్ల బట్టలు ఉతుకుతున్నాం" అనేవాడు. అబద్ధం. కానీ అలాగే చెప్పమన్నారు. నిజం ఎవరికీ, కడుపున పుట్టిన బిడ్డలకైనా, చెప్పకూడదని భార్యాభర్తలిద్దరి చేతా కాగితం మీద సంతకం పెట్టించారు.

కడుపున పుట్టినవాడు ఒక్కడే. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు పుట్టాడు. ఆ పేరు వాడికి బడిలోనూ తగిలింది, కాలేజీలోనూ తగిలింది. పదిహేడేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం పెదవి చిట్లి ఇంటికొచ్చాడు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి, బట్టలారేస్తున్న తండ్రి ముందు నిలబడి, "నువ్వు పిరికివాడివి. నీ కొడుకునని చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది నాకు" అన్నాడు. ఆయన వాడి పెదవి కేసి చూశాడు. చేతిలో ఉన్న దుప్పటి దండెం మీద వేశాడు. ఇంకోటి తీసుకున్నాడు. తొట్టి దగ్గరున్న మామ్మకి నాలుక చివరిదాకా వచ్చింది మాట. మింగేసింది. అలా మింగడం ఎంత కష్టమో మామ్మ నోటి దురుసు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ కొడుకు రైల్వే గోడౌన్లో గుమాస్తాగా చేరి, తండ్రి పోయాకే లాండ్రీలోకి వచ్చాడు. తండ్రి ఊసు మాత్రం వాడు ఎత్తడు. ఆవిడా ఎత్తదు.

ఇప్పుడు ఆ యుద్ధం మీదే సినిమా. శత్రువుని మోసం చెయ్యడానికి ఈ ఊరి బయట ఖాళీ మైదానంలో ఉత్తుత్తి సైనిక శిబిరం కట్టారు చూడండీ, దాని కథట. చెక్క ట్యాంకులు, గుడ్డ లారీలు, ఖాళీ గుడారాలు. పైనుంచి చూస్తే పెద్ద సైన్యం ఉన్నట్టు. శత్రువు దాన్ని నమ్మి బాంబులు అక్కడ వేసుకోవాలని పథకం.

చొక్కాలు ఏ పాటి పాతబడ్డాయో చూసుకుపోదామని కాస్ట్యూమ్స్ మనిషి వచ్చినప్పుడు ఆ కథంతా కౌంటరు దగ్గర నిలబడి ఉత్సాహంగా చెప్పాడు. చివర్లో నవ్వుతూ, "మీకో తమాషా చెప్పనా మామ్మగారూ? మా సినిమాలో విలను కూడా లాండ్రీవాడే. రోజూ శిబిరంలోకి వెళ్ళి, లోపల ఎవరూ లేరన్న సంగతి శత్రువుకి చేరవేస్తాడు. మా రైటరు ఈ ఊళ్ళోనే పెద్దవాళ్ళనడిగి రాసుకున్నాడు. నిజంగా ఉండేవాడట అలాంటివాడు" అన్నాడు.

కోడలు కంగారుగా అత్తగారి మొహం చూసింది. మామ్మ గుండెల్లో రాయి పడింది. బతికున్నన్నాళ్ళూ పిరికివాడన్నారు, సరే, పడ్డాడు. పోయాక ద్రోహి అంటారా? అదీ తెర మీద, టిక్కెట్టు పెట్టి, ఊరూరా! ఆ సినిమా ఈ కొడుకు చూస్తాడు. రేపు వీడి పిల్లలు చూస్తారు. సంతకం పెట్టిన చెయ్యి వంక చూసుకుంది. ఇన్నేళ్ళూ ఆ చేతికి కట్టుబడింది.

మర్నాడు పొద్దున కొడుకు వ్యానులో చొక్కాలు ఎక్కిస్తుంటే ఆవిడా ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికమ్మా?"

"నోరు మూసుకుని పోనియ్. అవి ఇంకా తడిగా ఉన్నాయి, అక్కడే ఆరెయ్యాలి."

మైదానంలో గుడారాలు లేచాయి. చెక్క ట్యాంకులకి రంగులు వేస్తున్నారు. వాటి మధ్య దండేలు కట్టి, మొదటి విడతలో పంపిన ఖాకీ చొక్కాలు వేలాడదీశారు. గొడుగు కింద డైరెక్టరు, పక్కనే కళ్ళజోడు ముక్కు మీదికి జారిన ఒక ప్రొఫెసరు. ఆ యుద్ధం మీద పుస్తకం రాసినాయనట, చరిత్ర తప్పు పోకుండా చూడ్డానికి పెట్టుకున్నారు. డైరెక్టరు వయసు నలభై లోపే. పెద్దావిడని చూసి మర్యాదగానే లేచి కుర్చీ ఇచ్చాడు. లాండ్రీ ఆవిడని తెలిసి, "మీ చొక్కాలు అద్భుతం మామ్మగారూ. మా సినిమాలో టోపీ గుండీ దగ్గర్నుంచి అంతా అచ్చం చరిత్రే" అన్నాడు.

"ఆ దండెం మీదవి పొడిబట్టలు" అంది మామ్మ.

"అవునండీ. పొడివే."

"పొడిబట్ట గాలికి ఎగురుతుంది. తడిబట్ట బరువుగా వేలాడుతుంది. ఆరేసినవి ఎలా ఉండాలో తెలీదా?"

డైరెక్టరు నవ్వాడు. "కెమెరాకి తెలీదులెండి."

"విమానానికి తెలుస్తుంది బాబూ. తెలుస్తుందనే తడిపాం."

ప్రొఫెసరు చేతిలో కాగితాలు దించాడు. "ఎవరు తడిపారు? ఏ విమానం?"

మామ్మ నోరు టక్కున మూతపడింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మొహంలోకి చూసి మెల్లగా అడిగాడు, "అమ్మా, మీరు అప్పట్లో ఏమైనా సంతకం పెట్టారా?"

ఆవిడ తలూపింది.

"ఆ రహస్యం ఎత్తేసి పదేళ్ళయిందమ్మా. ఫైళ్ళన్నీ బయట పెట్టేశారు. ఎవరైనా మాట్లాడొచ్చు."

"పదేళ్ళా?" మామ్మ గొంతు లేచింది. "ఎత్తేస్తే నాకు చెప్పొద్దూ? పదేళ్ళు నోరు కట్టుకు కూర్చున్నానే!"

"గెజిట్‌లో వేశారు..."

"లాండ్రీకి గెజిట్ ఎవడు వేస్తాడయ్యా!"

చుట్టుపక్కల వాళ్ళు ఫక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నోరు కట్టుకోవాల్సిన అవసరం తీరేటప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళయిందన్న లెక్క మనసులో తేలింది. అది ఒక్క క్షణం. ఆ తర్వాత మొదలుపెట్టింది చూడండి, యాభై ఏళ్ళ మాట గంగాళం బోర్లించినట్టు బయటికొచ్చింది. పది బారల దూరంలో కొడుకు తడిచొక్కాలు ఆరేస్తున్నాడు. వాడికి వినపడాలనే గట్టిగా చెప్పింది.

సైన్యంలోంచి ఆయన్ని తిరగ్గొట్టిన నెలకి ఒక కెప్టెను లాండ్రీకి వచ్చాడట. ఉత్తుత్తి శిబిరంలో గుడారాలున్నాయి, ట్యాంకులున్నాయి, మనుషులు లేరు. మనుషులున్నట్టు కనపడాలంటే ఉతికిన బట్టలుండాలి. ఆరొందల చొక్కాలు ఇస్తాం, రోజూ పొద్దున వేలాడదియ్యండి, సాయంత్రం తియ్యండి, అంతే పని అన్నాడు. ఆయనకి కెప్టెనంటేనే భయం. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. అయినా, "పొడివి ఆరేస్తే పైవాడికి తెలిసిపోతుందండీ" అన్నాడు.

"ఎలా తెలుస్తుంది?" అన్నాడు కెప్టెను.

"నాకు తెలుస్తుంది కదండీ" అన్నాడు ఈయన.

శత్రువు విమానం రోజుకి రెండుసార్లు వచ్చి ఫొటోలు తీసుకుపోతుంది, పొద్దున పదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. పదింటికి తడిబట్ట ముదురురంగులో ఉంటుంది. మూడింటికి ఆరి వెలిసినట్టు ఉంటుంది. రెండు ఫొటోల్లోనూ ఒకే రంగుంటే అవి ఎవరూ ఉతకని బట్టలని ఇట్టే పట్టేస్తారు. సైన్యంలో అంతమంది తెల్లవారుజామున లేచి బుర్రలు బద్దలు కొట్టుకున్నా ఎవరికీ తట్టని మాట అది. అందుకని రోజూ తెల్లారకుండా వెళ్ళి, ఆరొందల చొక్కాలు ముంచి, పిండి, ఆరేసేవాళ్ళు. పిండడం ఆవిడ, ఆరెయ్యడం ఆయన. లేని సైన్యానికి అన్ని చొక్కాలు. కొన్నిటికి గుండీలు ఊడగొట్టారు. బొజ్జలవాళ్ళ కొలతలు కలిపారు. మేజోళ్ళు లేని సైన్యం ఉంటుందా అని ఆవిడే అడిగి మేజోళ్ళు తెప్పించింది. వాన చుక్క పడితే పరుగున తీసేసేవాళ్ళు, నిజం సిపాయిలైతే తియ్యరూ మరి?

ప్రొఫెసరు గబగబా పెట్టె తెరిచి రెండు పెద్ద ఫొటోలు తీశాడు. శత్రువు విమానం తీసినవే, యుద్ధం ముగిశాక దొరికాయట. ఒకదాంట్లో దండేల మీద గీతలు నల్లగా, ఇంకోదాంట్లో తెల్లగా ఉన్నాయి. "ఇది ఎండ తేడా అని రాశాను పుస్తకంలో" అన్నాడు నీళ్ళు నములుతూ.

"ఎండ కాదు, తడి" అంది మామ్మ. భూతద్దం లాక్కుని ఫొటో మీదికి వంగింది. వంగి, అలాగే ఉండిపోయింది. కాసేపటికి చూపుడువేలు పెట్టి, "ఇదిగో ఆయన" అంది.

డైరెక్టరు వంగి చూశాడు. దండేలు, వాటి మీద చుక్కల్లాంటి చొక్కాలు, అక్కడక్కడా ఖాళీ. మనిషి ఎక్కడా లేడు.

"అవి గుంజలున్న చోట్లమ్మా" అన్నాడు ప్రొఫెసరు.

"గుంజలా! లెక్కపెట్టండి. ఇరవై చొక్కాలు, ఒక చొక్కా ఖాళీ. మళ్ళీ ఇరవై, మళ్ళీ ఖాళీ. ఆయన అలవాటది. తీసేటప్పుడు లెక్క తప్పకుండా అలా వదిలేవాడు. కెప్టెను నానా తిట్లు తిట్టాడు, సిపాయిలెక్కడైనా ఇలా ఆరేస్తారా, కొంప ముంచుతావు అని. మర్నాడు సరే అనేవాడు, చెయ్యి మాత్రం ఇరవై కాగానే జరిగిపోయేది. ఏం చేస్తాడు, చేతికి అలవాటైపోయింది. శత్రువు పట్టుకోలేదు కాబట్టి బతికిపోయాం."

ప్రొఫెసరు పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. ఇరవై, ఖాళీ. ఇరవై, ఖాళీ. ఆయనకి నమ్మబుద్ధి అవుతోంది, కానీ చదువుకున్నవాడు, ఊరికే నమ్మడానికి మొహమాటం. "మీ ఆయనే అలా చేసేవారని ఎలా..." అంటూ తలెత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఎదురుగా, మామ్మ కొడుకు ఆరేసిన దండెం ఉంది. తడిచొక్కాలు అంచులు పట్టి బరువుగా వేలాడుతున్నాయి. డైరెక్టరు కూడా అటు చూసి, వేలితో గాల్లో లెక్కపెట్టాడు. ఇరవై చొక్కాలు. ఒక ఖాళీ. ఇరవై చొక్కాలు. ఒక ఖాళీ.

"మీకెవరు నేర్పారండీ ఇలా?" అని అడిగాడు వాణ్ణి.

కొడుకు తను ఆరేసిన దండెం వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "ఎవరూ నేర్పలేదు" అన్నాడు. "నాన్న అలాగే వేసేవాడు." అని, ఇంకేం చెయ్యాలో తోచక బుట్టలోంచి ఇంకో చొక్కా తీసి పట్టుకు నిలబడ్డాడు.

డైరెక్టరు మంచివాడే. అక్కడికక్కడే లాండ్రీవాడి ద్రోహం కొట్టేశాడు. కానీ సినిమావాడి బుర్ర కదా, ఊరుకుంటుందా? పది నిమిషాల్లో ఆయన్ని మహావీరుణ్ణి చేసేశాడు. బాంబులు పడుతుంటే దండెం వదలకుండా, ఛాతీ విరుచుకుని నిలబడతాడట. వెనకాల మంటలు.

"బాంబులు పడ్డప్పుడు మేం ఇంట్లో మంచం కింద ఉన్నాం" అంది మామ్మ.

డైరెక్టరు గాలి తీసేసినట్టయ్యాడు.

జరిగింది ఇది. ఒక సాయంత్రం వీళ్ళు బట్టలు తీసి ఇంటికి చేరాక విమానాలు వచ్చి మైదానాన్ని చిందరవందర చేశాయి. కెప్టెన్ దగ్గర కాపలాకున్న పదిమంది సిపాయిలూ కందకాల్లో దాక్కుని బతికారు. ఆ బాంబులు ఆ రోజు రైల్వే యార్డు మీద పడాల్సినవి. యార్డు పక్కనే మూడు వీధుల ఇళ్ళు. అవేమీ తెలియని ఊరు, శత్రువు గుడ్డివాడు, ఖాళీ మైదానం మీద వేసుకున్నాడని తెగ నవ్వుకుంది. మర్నాడు పొద్దున వీళ్ళు వెళ్ళేసరికి దండేలు తెగి, గుడారంలో పెట్టి వచ్చిన చొక్కాలు కాలి మట్టిలో పడున్నాయి. కెప్టెను మాత్రం ఆయన్ని కావలించుకున్నాడు, నమ్మారయ్యా నమ్మారు అని. ఆయన మట్టిలో కూర్చుని, కాలిన చొక్కాలు ఏరుతూ ఏడ్చాడు. ఎందుకంటే, "ఎంత బాగా పిండావే వీటిని" అన్నాడు భార్యతో. అదీ ఆయన బాధ.

"తర్వాత?" అన్నాడు ప్రొఫెసరు.

"తర్వాతేముంది, నమ్మినవాడు మళ్ళీ వస్తాడుగా. సైన్యం ఇంకా ఉందని చూపించాలిగా. ఆ మర్నాడే కొత్త చొక్కాలు వచ్చాయి. ఈసారి ఎప్పుడైనా పడతాయని తెలుసు. ఆయన చేతులు వణికిన వణుకు నేను అంతకు ముందెప్పుడూ చూళ్ళేదు. ఒక క్లిప్పు పెట్టేలోపు మూడు కింద పడేవి. నేను కింద కూర్చుని ఏరి ఇస్తూ పోయాను. అలా నలభై ఒక్క రోజులు ఆరేశాడు. ఒక్క రోజు మానలేదు."

డైరెక్టరు గొంతు తగ్గించి చెప్పాడు. "మామ్మగారూ, వణికినట్టు చూపిస్తే మీకే నష్టం. ఊళ్ళో ఇన్నాళ్ళూ అన్నదే నిజమంటారు. హాల్లో నవ్వుతారు. వణకకుండా చూపిస్తే ఆయనకి మంచి పేరొస్తుంది. కాస్త మార్చుకుందాం. ఎవరికి తెలుస్తుంది?"

ఇది మాత్రం మామ్మని ఆలోచనలో పడేసింది. న్యాయంగా చూస్తే ఆయన ఎన్నో పడ్డాడు. ఒక్కసారి, తెర మీదైనా, చేతులు కదలకుండా నిలబడితే ఎవరి సొమ్మేం పోతుంది? కొడుకు అటు తిరిగి నిలబడ్డాడు. చొక్కా ఇంకా చేతిలోనే ఉంది, నీళ్ళు కారుతూ. వాడికి ఎలాంటి తండ్రి కావాలి? ఛాతీ విరిచినవాడే కావాలేమో. కానీ అలాంటివాడితో ఆవిడ కాపురం చెయ్యలేదు. ఆ మనిషెవరో ఆవిడకి తెలీదు.

"వణకనియ్ బాబూ" అంది. "వణుకుతూనే ఆరేశాడు. నీకు ధైర్యం కావాలంటే అదే. ఇంకో రకం మా ఇంట్లో లేదు."

ఆ తర్వాత మూడు రోజులు ఆవిడ షూటింగులో ఆడిందే ఆట. చొక్కాలకి గుండీలు పీకించింది. బొజ్జ కొలతలు కుట్టించింది. భర్త వేషం వేసే నటుడికి క్లిప్పు ఎలా జారాలో, ఎలా వంగాలో, వంగినప్పుడు రెండో చెయ్యి తడిచొక్కాని ఎలా వదలకూడదో ముప్పై సార్లు చేయించింది. అతను పాపం వేళ్ళు నొప్పెట్టి మొత్తుకున్నాడు. అతను మహా అందగాడు. "ఆయన అందంలో ఇందులో సగం కూడా లేడు" అంది ప్రొఫెసరుతో. "పోన్లే, అదొక్కటీ అబద్ధం ఉండనియ్." ప్రొఫెసరు చరిత్ర పేరు చెప్పి అడ్డుపడలేదు.

కొడుకు వ్యాను నడిపాడు, చొక్కాలు మోశాడు, తల్లిని దింపాడు. తండ్రి గురించి ఒక్క మాట అడగలేదు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. మామ్మ తొందరపెట్టలేదు. ఆవిడ దేనికైనా తొందరపెట్టకుండా ఉండడం ఇంట్లో అందరికీ వింతగానే ఉండింది.

సినిమా ఊళ్ళోకి వచ్చిన మొదటి రోజు మధ్యాహ్నం ఆటకి లాండ్రీకి తాళం వేసి ముగ్గురూ వెళ్ళారు. హాలు నిండిపోయింది. గంటన్నర సేపు కెప్టెన్లూ, మంత్రులూ, ప్రేమలూ అయ్యాక లాండ్రీవాడు వచ్చాడు. మొత్తం నాలుగు నిమిషాలు. అతని చేతులు వణకడం మొదలవగానే వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మామ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర మీద క్లిప్పు జారింది. వంగి తీశాడు. మళ్ళీ జారింది. మళ్ళీ తీశాడు. దూరంగా విమానం చప్పుడు. అతను పైకి చూడలేదు, చొక్కా అంచు సవరించాడు. ఆ వెనక నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. మామ్మకి కడుపు నిండినట్టయింది. ఇంకా గంట సినిమా ఉంది గానీ అందులో ఏం జరిగిందో అడిగితే చెప్పలేదు.

బయటికొచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. యార్డు పక్క వీధిలోంచి నడుస్తున్నారు. కోడలు తాళంచెవులతో ముందు పోతోంది. పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, ఎవరింట్లోంచో రేడియో వినిపిస్తోంది. కొడుకు ఉన్నట్టుండి నడక తగ్గించాడు.

"అమ్మా. ఆ రోజు పెరట్లో నేనో మాటన్నాను నాన్నని."

"అన్నావు."

"బాధపడ్డాడా?"

మామ్మ వాడి మొహం చూసింది. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు. లేదురా, నవ్వి ఊరుకున్నాడు అంటే చాలు, వాడి ముప్పై రెండేళ్ళ బరువు దిగిపోతుంది. కన్నతల్లి ఆ పాటి అబద్ధం ఆడితే తప్పు పట్టేవాడెవడు? మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మనిషి గురించి ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ అబద్ధాలే. ఇంకొకటి చెప్పబుద్ధి కాలేదు.

"పడ్డాడురా" అంది. "రెండు రోజులు సరిగా భోంచెయ్యలేదు. నాతోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే లేచి నీ కాలేజీ చొక్కా ఇస్త్రీ చేశాడు. ఆ రోజు నుంచి నీ చొక్కా ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. గోడౌన్ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రోజూ నీ మంచం మీద పెట్టేవాడు."

కొడుకు రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు.

"నువ్వు చేస్తున్నావనుకున్నాను" అన్నాడు.

"నాకంత బాగా ఎప్పుడొచ్చిందిరా" అంది మామ్మ.